స్కైడైవింగ్ శిక్షణ: కొల్లేటి సీమ నేల మీంచి

విమానంలోంచి దూకి, కొంత సేపు పారాచూట్ తెరవకుండా పడుతూ, ఆ తర్వాత దాన్ని తెరిచి నేలకు దిగే క్రీడ స్కైడైవింగ్. దీన్ని నేర్పే పద్ధతుల్లో ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉన్న వాటిలో ఒకటి యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్. అందరూ ఏఎఫ్‌ఎఫ్ అంటారు. ఇందులో విద్యార్థి వీపున ఉండేది సొంత పారాచూటే, దాన్ని తెరవాల్సిందీ సొంత చేతులే. మొదటి జంప్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరో పక్కన పట్టీలు పట్టుకుని వెంట దూకుతారు. పారాచూట్ తెరుచుకునే దాకా వదలరు. జంపులు గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఇద్దరి స్థానంలో ఒక్కరే వస్తారు, ఆ ఒక్కరూ చేయి తీసేసి పక్కనే పడుతూ గమనిస్తారు, చివరికి విద్యార్థి ఒంటరిగా దూకాలి.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల వాళ్లకు ఈ క్రీడ మీద మనసైతే బయటి రాష్ట్రాలకో, బయటి దేశాలకో వెళ్లి నేర్చుకోవాలి. అయినా ఈ శిక్షణను ఇక్కడి నేల మీద నిలబడి చూడడానికి గట్టి కారణమే ఉంది. పడడం గాలికి సంబంధించిన పాఠం. అది కాలిఫోర్నియాలో నేర్చినా హర్యానాలో నేర్చినా ఒకటే. దిగడం నేలకు సంబంధించిన పాఠం. అది ఊరూరికీ మారుతుంది. చేపల చెరువులు, కాలువలు, కరెంటు తీగలు, కొబ్బరి తోటలు, శీతాకాలంలో వేల పక్షులు ఉన్న ఈ సీమను పైనుంచి ఊహించుకుంటే, స్కైడైవింగ్‌లో సగం చదువు పారాచూట్ తెరుచుకున్నాకే మొదలవుతుందని తెలుస్తుంది. బయట ప్రచారమంతా పారాచూట్ తెరవక ముందు పడే ఆ మొదటి నిమిషానిదే. అది సరైన చిత్రం కాదు.

పద్ధతి పుట్టుక

1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆంద్రే జాక్ గార్నరిన్ బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. భారతీయుల్లో ఆ పని మొదట చేసినవాడిగా కలకత్తాకు చెందిన రామచంద్ర ఛటర్జీ పేరు చెబుతారు. ఆయన 1890లో బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. ఆ రోజుల్లో పారాచూట్ బెలూన్‌కు వేలాడుతూ ఉండేది, మనిషి బరువుకు విడివడి గాలి నింపుకొనేది. మనిషి తనంత తానుగా కొంత దూరం పడి, గాల్లోనే తాడు లాగి తెరవగలడన్న నమ్మకం చాలామందికి లేదు. పడేటప్పుడు స్పృహ తప్పుతుందని, చేతులు ఆడవని అనుకునేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని మెకుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి తన చేత్తోనే పారాచూట్ తెరిచి ఆ భయాన్ని పోగొట్టాడు.

సైన్యాలు మాత్రం వేరే దారి పట్టాయి. వందల మంది సైనికులను తక్కువ ఎత్తులో, తక్కువ సమయంలో దించడానికి స్టాటిక్ లైన్ పద్ధతి వచ్చింది. పారాచూట్‌కు కట్టిన పట్టీ రెండో కొస విమానంలో ఉంటుంది, మనిషి దూకగానే అదే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది. 1971 డిసెంబరు 11న టంగైల్‌లో భారత సైన్యపు రెండో పారా బెటాలియన్ దిగింది ఈ పద్ధతిలోనే. వాయుసేనకు ఆగ్రాలో ఉన్న పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ ఆ శిక్షణకు పెట్టింది పేరు. స్వేచ్ఛాపతనంలో, అంటే పారాచూట్ తెరవకుండా పడుతూ, విన్యాసాలు చేసే వాయుసేన ఆకాశ్ గంగ జట్టు 1987లో ఏర్పడింది.

పౌర క్రీడగా స్కైడైవింగ్ పెరిగిన తొలి దశకాల్లో విద్యార్థులు కూడా స్టాటిక్ లైన్‌తోనే మొదలుపెట్టేవారు. దాదాపు మూడు వేల అడుగుల నుంచి కొన్ని జంపులు చేశాక ఐదు సెకన్లు, పది సెకన్లు అంటూ స్వేచ్ఛాపతనాన్ని కొంచెం కొంచెంగా పెంచేవారు. ఆ సెకన్లలో విద్యార్థి పక్కన ఎవరూ ఉండరు. శరీరం అదుపు తప్పితే సరిదిద్దే చేయి లేదు, తప్పేమిటో నేలకు దిగాక చెప్పించుకోవాల్సిందే. 1980ల మొదట్లో అమెరికాలో ఏఎఫ్‌ఎఫ్ వచ్చి ఈ వరుసను తిరగేసింది. మొదటి రోజే పూర్తి ఎత్తు, పూర్తి స్వేచ్ఛాపతనం, కానీ ఇద్దరి చేతుల్లో. అందుకు తగిన పరికరాలు కూడా అప్పటికి సిద్ధమయ్యాయి. డొమినా జాల్బర్ట్ 1960లలో రూపొందించిన రెక్క ఆకారపు పారాచూట్ గుండ్రటి పాత గొడుగులా గాలి ఎటు తోస్తే అటు పోదు. ముందుకు ఎగురుతుంది, తిప్పితే తిరుగుతుంది. బిల్ బూత్ తెచ్చిన మూడు రింగుల అమరికతో చెడిపోయిన పారాచూట్‌ను ఒక్క లాగుతో వదిలించుకోవచ్చు. 1990ల మొదట్లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ అనే చిన్న యంత్రం, మనిషి ఏదీ లాగకుండా ప్రమాదకరమైన ఎత్తుకు వేగంగా వచ్చేస్తే అత్యవసరానికి ఉండే రెండో పారాచూట్‌ను, అంటే రిజర్వ్‌ను, తానే తెరుస్తుంది.

టాండెమ్ జంప్ వేరు. అందులో ఇద్దరికీ ఒకే పారాచూట్, వచ్చిన మనిషి ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి కట్టుకుని ప్రయాణికుడిలా దిగుతాడు. 1980లలోనే వచ్చిన ఆ పద్ధతి వల్లే స్కైడైవింగ్ పర్యాటకుల దాకా చేరింది. టాండెమ్ చేసినవాళ్లు స్కైడైవింగ్ చూశారు, ఏఎఫ్‌ఎఫ్ చేసేవాళ్లు నేర్చుకుంటున్నారు. మన పత్రికల్లో ఈ తేడా తరచూ చెరిగిపోతుంది.

నేల మీద ఒక రోజు

ఏఎఫ్‌ఎఫ్ మొదలయ్యేది తరగతి గదిలో. మొదటి జంప్‌కు ముందు ఆరేడు గంటలకు తగ్గని పాఠం ఉంటుంది. విద్యార్థి బోర్లా పడుకుని, నడుము కిందికి వంచి, గడ్డం ఎత్తి, చేతులు కాళ్లు మడిచి ఉంచే విల్లు భంగిమ సాధన చేయాలి. శరీరంలో తుంటి భాగం అన్నిటికన్నా కిందికి ఉంటే గాలి రెండు పక్కలా సమంగా జారి, పొట్ట నేల వైపు ఉండి స్థిరంగా పడతారు. భయంలో మనిషి ముడుచుకుపోతాడు, ముడుచుకుంటే బోల్తా పడతాడు. కాబట్టి ఒళ్లు సహజంగా చేసేదానికి సరిగ్గా ఎదురు పని ఒంటికి అలవాటు చేయాలి.

గాలి హోరులో మాట వినపడదు. అందుకని చేతి గుర్తులు ఉంటాయి. ఇన్‌స్ట్రక్టర్ రెండు వేళ్లు చాచి చూపిస్తే కాళ్లు చాపమని, ఆ వేళ్లే వంచితే కాళ్లు దగ్గరికి తీసుకోమని, బొటనవేలు కిందికి చూపితే నడుము ఇంకా వంచమని, అరచేయి ఆడిస్తే ఒళ్లు వదులు చేయమని అర్థం. చూపుడు వేలు ముఖం ముందుకు వచ్చిందంటే ఇక ఆలోచన అక్కర్లేదు, పారాచూట్ తెరవాలి.

రోజులో ఎక్కువ సేపు అత్యవసర పరిస్థితులకే పోతుంది, పోవాలి కూడా. పైనుంచి వేలాడదీసిన పట్టీల్లో విద్యార్థిని కూర్చోబెట్టి, తల మీద చెడిపోయిన పారాచూట్ల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. తాళ్లు మెలిపడ్డాయా? పట్టీలు రెండు వైపులకు విడదీసి కాళ్లతో తన్ని విప్పుకోవచ్చు. తాడు గొడుగు మీదుగా పడి దాన్ని రెండుగా చీల్చిందా, సంచి లోంచి గుడ్డ బయటికే రాలేదా? అయితే కుడి వైపున్న ఎర్ర పట్టును చూడాలి, పట్టుకోవాలి, లాగాలి, వెంటనే ఎడమ వైపు రిజర్వ్ పట్టును లాగాలి. మొదటి దానితో చెడ్డ పారాచూట్ వదిలిపోతుంది, రెండో దానితో రిజర్వ్ తెరుచుకుంటుంది. విద్యార్థులు 2,500 అడుగులకు ముందే ఈ నిర్ణయం తీసుకోవాలన్నది అమెరికా పారాచూట్ సంఘం నియమం. ఆ ఎత్తు దాటాక ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఆకాశంలో

సుమారు 13,000 అడుగుల నుంచి దూకితే తొలి పది పన్నెండు సెకన్లలో వేగం పెరుగుతూ పోతుంది. ఆ తర్వాత గాలి నిరోధం శరీర బరువుకు సమానమై గంటకు దాదాపు 190 కిలోమీటర్ల చరమ వేగం దగ్గర నిలబడుతుంది. అక్కడి నుంచి ప్రతి వెయ్యి అడుగులకు ఐదున్నర సెకన్లు. ఏఎఫ్‌ఎఫ్ విద్యార్థులు మామూలుగా 5,500 అడుగుల దగ్గర తెరుస్తారు. అంటే పాఠానికి దక్కే సమయం ముప్పావు నిమిషం. తెరవడం మరిచిపోతే నేల ముప్పై సెకన్ల దూరంలో ఉంటుంది.

మొదటి జంప్‌లో ఆ ముప్పావు నిమిషం నిండా పనులే. విద్యార్థి ఎదుట దిగంతాన్ని చూడాలి, ఎత్తు చూపే మణికట్టు మీది ఆల్టీమీటర్ చదవాలి, ఎడమ ఇన్‌స్ట్రక్టర్‌ను చూసి ఎత్తు అరవాలి, కుడి ఇన్‌స్ట్రక్టర్‌నూ అలాగే. ఆపై వీపు కింద ఉన్న పట్టును మూడుసార్లు తాకి చూడాలి, మళ్లీ ఎత్తు చదవాలి. చివరికి చేతులు ఊపి పక్కవాళ్లకు తెలిపి పట్టు లాగాలి. ఇదంతా పుస్తకంలో చదివితే తేలిక. మొదటిసారి తలుపు దాటిన కొన్ని సెకన్ల పాటు చాలామందికి ఏమీ గుర్తుండదు. కళ్లు తెరిచే ఉంటాయి, మనసుకు ఏదీ అందదు. ఇన్‌స్ట్రక్టర్లు చూసేది విద్యార్థి ఆ మైకం లోంచి బయటపడి ఆల్టీమీటర్ వైపు చూస్తున్నాడా అన్నదే. భంగిమ కొంచెం వంకరగా ఉన్నా పై మెట్టుకు పంపుతారు, ఎత్తు మరిచినవాళ్లను పంపరు. అదే సరైన పద్ధతి.

రెండో జంప్‌లో శరీరాన్ని కావాలని కదిపి ముందుకు జరగడం, చిన్న మలుపులు. మూడో జంప్ ఈ శిక్షణకే గుండెకాయ. విద్యార్థి స్థిరంగా ఉన్నాడని చూశాక ఇద్దరూ చేతులు వదిలేస్తారు. కాలువలో ఈత నేర్చేవాడి నడుముకు కట్టిన ఎండు సొరబుర్రను విప్పేసిన రోజు లాంటిది ఇది. నీళ్లు అవే, ఒళ్లు అదే, నమ్మకం ఒక్కటే తేడా. నాలుగో జంప్ నుంచి ఒకే ఇన్‌స్ట్రక్టర్. తొంభై డిగ్రీల మలుపులు, తర్వాత పూర్తి చుట్టు, ఆపై ఎవరూ పట్టుకోకుండా తలుపు దాటడం, వెనక్కి పల్టీ కొట్టి మళ్లీ స్థిరపడడం, చేతులు వెనక్కి చాపి గాల్లో అడ్డంగా దూసుకుపోవడం. ఈ చివరిది ఆట కాదు. పదిమంది కలిసి దూకినప్పుడు పారాచూట్ తెరిచే ముందు ఒకరికొకరు దూరం జరగడానికి ఇదే దారి.

మామూలుగా ఇలాంటి మెట్లు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒక మెట్టు తప్పితే మళ్లీ చేయాలి, అలా తప్పడం చాలా మామూలు. చివరి దశలో ఐదు వేల అడుగుల దరిదాపుల నుంచి దూకి వెంటనే తెరిచే జంప్ ఒకటి ఉంటుంది. విమానంలో ఏదైనా చెడి తక్కువ ఎత్తులో బయటపడాల్సి వస్తే తడబడకుండా ఉండడానికి అది.

స్వేచ్ఛాపతనాన్ని మాత్రం నేల మీదే కొంత సాధన చేయవచ్చు. నిలువు గాలి సొరంగంలో కింది నుంచి వచ్చే గాలి మీద తేలుతూ భంగిమ, మలుపులు నేర్చుకోవచ్చు. హైదరాబాద్ గండిపేట ప్రాంతంలో అలాంటి కేంద్రం వచ్చింది. ఏలూరు నుంచి ఒక రాత్రి ప్రయాణం. ఏఎఫ్‌ఎఫ్‌కు వెళ్లే ముందు అక్కడ కొన్ని నిమిషాలు గడిపితే ఆకాశంలో ఆ నలభై ఐదు సెకన్లు ఒంటి కోసం కాక బుద్ధి కోసం మిగులుతాయి. పారాచూట్ నడపడం, నేల చదవడం, భయంలో నిర్ణయం తీసుకోవడం అక్కడ నేర్పేవి కావు.

గొడుగు కింద

తెరుచుకున్న వెంటనే హోరు ఆగిపోతుంది. విద్యార్థి తల ఎత్తి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గొడుగు దీర్ఘచతురస్రంగా ఉందా, తాళ్లు చిక్కు లేకుండా ఉన్నాయా, రెండు చేతి తాళ్లూ లాగితే మాట వింటున్నాయా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే అయిదు నిమిషాల ప్రయాణం మొదలవుతుంది. విద్యార్థులకు ఇచ్చే గొడుగులు పెద్దవి, నిదానంగా దిగుతాయి, పొరపాట్లు క్షమిస్తాయి. నేల మీది ఇన్‌స్ట్రక్టర్ రేడియోలో దారి చెబుతుంటాడు. కానీ రేడియో మూగబోవచ్చు. అందుకే అది లేదనుకునే దిగడం నేర్పుతారు.

గాలి ఎటు వీస్తోందో చూసి, వెయ్యి అడుగుల దగ్గర గాలి వాలులో, ఆరువందల దగ్గర అడ్డంగా, మూడువందల దగ్గర గాలికి ఎదురుగా తిరగాలి. అక్కడి నుంచి ఇక మలుపులు లేవు. పాదాలు నేలకు పది పన్నెండు అడుగుల ఎత్తులో ఉండగా రెండు తాళ్లనూ కలిపి చివరిదాకా లాగితే గొడుగు ఊపు తగ్గి, మెల్లగా నిలబెడుతుంది. నిలబడేలా లేకపోతే పాదాలు, మోకాళ్లు దగ్గరగా పెట్టి పక్కకు దొర్లాలి. అనుభవజ్ఞుల ప్రమాదాల్లో పెద్ద భాగం చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకు మరీ దగ్గరలో గట్టిగా మలుపు తిప్పడం వల్ల జరిగాయి. దూకడమే ప్రమాదమనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

తోటివాళ్ల గొడుగుల నుంచి దూరం పాటించడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. 2025 జనవరి మొదటి వారంలో విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాల సన్నాహాల్లో ఇద్దరు కమాండోల పారాచూట్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఇద్దరూ తీరం దగ్గర సముద్రంలో పడ్డారు. పక్కనే సిద్ధంగా ఉన్న పడవలు వెంటనే వాళ్లను బయటికి తీశాయి. ఎంత ఆరితేరినవాళ్లకైనా ఇది జరగవచ్చు. ఆ రోజు ప్రాణాలు నిలిచింది నీటి మీద పడవలు కాచుకుని ఉన్నందువల్ల. కొల్లేటి సీమ వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడి నేల, ఇక్కడి గాలి

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రన్‌వే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన కాలమది. కోస్తా పొడవునా ఇలాంటి స్థావరాలు లేచాయి. గన్నవరం వాటిలో ఒకటి, ఆ తర్వాత విమానాశ్రయంగా నిలిచింది. తాడేపల్లిగూడెం రన్‌వే అలా నిలవలేదు. పట్టణం దాని చుట్టూ పెరిగింది. 2015లో మొదలైన ఎన్ఐటీ కూడా ఈ పట్టణానికే వచ్చింది. ఇటీవల రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకు పరిశీలిస్తున్న ఊళ్ల జాబితాలో తాడేపల్లిగూడెం పేరు వచ్చింది. స్కైడైవర్లను ఎక్కించే చిన్న సెస్నాకు కిలోమీటరులోపు రన్‌వే సరిపోతుంది, కాబట్టి ఇలాంటి పాత రన్‌వేలను చూడగానే ఈ క్రీడ గుర్తు రావడం సహజం. దేశంలో స్కైడైవింగ్ నడిచిన హర్యానా నార్నౌల్ దగ్గరి బాఛోద్ కూడా అలాంటి చిన్న ఎయిర్‌స్ట్రిప్పే.

కానీ విమానం ఎగరడానికి తగిన చోటు, మనిషి దిగడానికి తగిన చోటు ఒకటి కానక్కర్లేదు. అమెరికా సంఘం నియమాల ప్రకారం ఒంటరిగా దిగే విద్యార్థి లక్ష్యం చుట్టూ 330 అడుగుల మేర అడ్డంకి ఉండకూడదు. కరెంటు తీగలు, భవనాలు, రహదారులు, చెట్ల గుంపులు, మనిషి మునగగల నీళ్లు అన్నీ అడ్డంకులే. నేల గాలి గంటకు 14 మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటితే విద్యార్థులను పైకి పంపరు. ఈ కొలబద్దతో తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, కైకలూరు దాకా నేలను చూడండి. గోదావరి, కృష్ణా నీళ్లను కలిపే ఏలూరు కాలువ, దాని పిల్ల కాలువలు, ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచే వరి మళ్లు, వాటి పక్కన కొబ్బరి వరుసలు. ఇంకా దిగువకు వెళ్తే కనుచూపు మేరా చేపల చెరువులు, వాటి గట్ల వెంబడి చెరువుల్లో నీళ్లు తిప్పే ఏరేటర్లకు కరెంటు తీసుకెళ్లే స్తంభాలు. పైనుంచి చూస్తే చెరువులు అద్దాల్లా కనిపిస్తాయి, తీగలు కనిపించవు. శిక్షణలో తీగను కాదు, స్తంభాల వరుసను వెతకమని చెప్పేది అందుకే. రెండు స్తంభాల మధ్య తీగ ఉంటుందనే అనుకోవాలి. తప్పించుకోలేని స్థితి వస్తే పాదాలు మోకాళ్లు దగ్గర పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, ఒక తీగకన్నా ఎక్కువ తాకకుండా చూసుకోవాలి. కరెంటు ఆపేశారని ఖాయమయ్యే దాకా కింద ఉన్నవాళ్లు ఆ మనిషిని తాకకూడదు. ఊరి జనం పరుగున వచ్చి కాళ్లు పట్టి లాగబోతారు, కాబట్టి ఈ చివరి మాట డ్రాప్ జోన్ (స్కైడైవర్లు దిగే చోటు) చుట్టుపక్కల ఊళ్లకూ చెప్పి ఉంచాలి.

నీళ్లలో దిగడం వేరే చదువు. ఛాతీ పట్టీ ముందే వదులు చేసుకోవాలి. నీటి ఎత్తు కంటికి తప్పుగా తోస్తుంది కాబట్టి మరీ పైన పట్టీల్లోంచి జారిపోకూడదు, పాదాలు తడిశాకే విప్పుకోవాలి. గుడ్డ మీద పడితే దాని కుట్టు వెంబడి చేతులు జరుపుతూ అంచుకు రావాలి. కొల్లేటిలో దీనికి తోడు గుర్రపుడెక్క, కిక్కిస, అడుగున మోకాలు దిగే బురద ఉంటాయి. తాళ్లు వాటిలో చిక్కుకుంటే ఈత వచ్చినవాడికీ కష్టమే. లంకల మధ్య తాటి దోనెల్లో తిరిగే జాలర్లకు ఆ నీటి గుణం తెలుసు. ఇక్కడ ఏనాడైనా ఇలాంటి శిక్షణ జరిగితే రక్షణ బృందంలో మొదటి చోటు వాళ్లదే కావాలి.

మరి మెట్ట? ఏలూరుకు ఉత్తరాన ద్వారకా తిరుమల, చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు నేల ఎత్తుగా, పొడిగా ఉంటుంది. కొల్లేటికన్నా అదే మేలు. అయితే అక్కడ ఆయిల్‌పామ్, మామిడి, జీడిమామిడి తోటలు పరుచుకున్నాయి. పెదవేగిలో ఆయిల్‌పామ్‌కు జాతీయ పరిశోధన సంస్థే ఉంది. చెట్టు మీద పడితే కాళ్లు దగ్గర పెట్టి, మోచేతులతో ముఖం కప్పుకుని, చిక్కుకున్నాక సాయం వచ్చే దాకా కదలకుండా ఉండమంటారు. చెట్టు మీద పడినప్పుడు తగలని గాయం తొందరపడి దిగబోతే తగలవచ్చు.

గాలి సంగతి చూస్తే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, మబ్బులు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. వేసవి మధ్యాహ్నం వేడి గాలి గొడుగును ఎగదోసి దిగదోస్తుంది, సాయంత్రం సముద్రపు గాలి వచ్చి దిక్కు మార్చేస్తుంది. మిగిలేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఉదయం పొగమంచు విడిచాక ఆకాశం తేటగా, గాలి నిదానంగా ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కొల్లేటికి వలస పక్షులు వస్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్ల ఈ సరస్సుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడకొంగలు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గుంపులుగా గూళ్లు పెడతాయి. బరువైన గూడకొంగ రెక్కలాడించకుండా వేడి గాలి మీద సుడులు తిరుగుతూ చాలా ఎత్తుకు పోతుంది. ఆ పక్షి ఒక్కటి తగిలినా చిన్న విమానానికి చేటే. విమానం మోతకు గూడు వదిలిన పక్షులకు అంతకన్నా చేటు. స్కైడైవింగ్‌కు మంచి నెలలు, పక్షులకు ముఖ్యమైన నెలలు ఒకటే అయినప్పుడు కొల్లేటి మీది ఆకాశం పక్షులదే. ఆటపాక పైన జంప్ చేస్తే ఫొటోలు గొప్పగా వస్తాయని ఎవరైనా అంటే ఆ మాటకు గట్టిగా కాదనాలి. శిక్షణకు చోటు వెతకాలనుకుంటే సరస్సుకు దూరంగా, మెట్టలో వెతకాలి. అక్కడ కూడా గన్నవరం, మధురపూడి విమానాల రాకపోకల మధ్య ఆకాశాన్ని విమాన నియంత్రణ అధికారులతో పంచుకోక తప్పదు.

నేర్చుకునే దారి

భారతదేశంలో పౌరులకు స్కైడైవింగ్ తక్కువ చోట్లే దొరుకుతుంది. దొరికేది కూడా ఎక్కువగా టాండెమే. కేంద్ర పౌర విమానయాన శాఖ 2022 జూన్‌లో జాతీయ వైమానిక క్రీడల విధానం ప్రకటించి, అందులో స్కైడైవింగ్‌ను చేర్చింది. శిక్షణ, పరికరాలు, భద్రతల బాధ్యతను క్రీడా సంఘాల మీద పెట్టి ఒక చట్రం ఇవ్వడం దాని ఉద్దేశం. అనుమతులు డీజీసీఏ, రక్షణ శాఖ, స్థానిక యంత్రాంగం మీదుగా నడుస్తాయి. మన దేశంలో పేరు తెచ్చుకున్న మహిళా స్కైడైవర్లు రేచల్ థామస్, శీతల్ మహాజన్ ఇద్దరూ ఇలాంటి వసతులు లేని రోజుల్లోనే పైకి వచ్చారు. రేచల్ థామస్‌కు 1994లో అర్జున, 2005లో పద్మశ్రీ వచ్చాయి. పుణెకు చెందిన శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువం మీద, 2006లో దక్షిణ ధ్రువం మీద దూకారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

ఏఎఫ్‌ఎఫ్ కోసం భారతీయులు ఎక్కువగా థాయ్‌లాండ్, దుబాయ్, స్పెయిన్, అమెరికా వెళ్తున్నారు. రుసుము, ప్రయాణం, బస కలిస్తే ఖర్చు లక్షల్లోకి పోతుంది. మెట్టు తప్పితే మళ్లీ చేయాల్సిన జంప్‌కు, వాన పడి ఖాళీగా గడిచే రోజులకు కూడా డబ్బు, సెలవు మిగుల్చుకుని వెళ్లాలి. సెలవు అయిపోతోందని తొందరపడి గాలి బాగాలేని రోజున విమానం ఎక్కడం ఈ దూరపు చదువులో ఉన్న పెద్ద ముప్పు. పద్దెనిమిదేళ్లు నిండాలి. గుండె, వెన్ను, భుజం బాధలుంటే ముందే చెప్పాలి. భుజం కీలు జారిన చరిత్ర ఉన్నవాళ్లు వైద్యుడి మాట లేకుండా వెళ్లకూడదు, చేయి వెనక్కి పెట్టి పట్టు లాగే క్షణంలో అది మళ్లీ జారితే సాయం అందదు. బరువుకు చాలా కేంద్రాలు వంద కిలోల దగ్గర గీత గీస్తాయి. ఈత రానివాళ్లు ముందు ఈత నేర్చుకోవడం మంచిది, నీళ్ల పక్కనున్న డ్రాప్ జోన్‌కు వెళ్లేవాళ్లు మరీను.

ప్రమాదం ఎంత? అమెరికా పారాచూట్ సంఘం లెక్కల్లో 2023లో ఆ దేశంలో 36.5 లక్షల జంపులు జరిగాయి, పదిమంది చనిపోయారు. అరవై, డెబ్భై దశకాల్లో ఇంతకన్నా చాలా తక్కువ జంపులకే ఏటా పదుల మంది పోయేవారు. పరికరాలు మారాయి, నేర్పే తీరు మారింది, ప్రతి ప్రమాదాన్నీ రాసి అందరికీ చెప్పే అలవాటు వచ్చింది. ఇందులో చివరిది మన దగ్గర ఇంకా బలపడాలి. ఎక్కడ నేర్చుకోవాలో ఎంచుకునేటప్పుడు వీడియోల మెరుపు చూడకుండా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఇప్పటికీ చెల్లుతుందా, రిజర్వ్ పారాచూట్‌ను అర్హత ఉన్న రిగ్గర్ (పారాచూట్లు మడిచే నిపుణుడు) చివరిసారి ఎప్పుడు మడిచాడు, గాలి ఎక్కువైన రోజున జంపులు ఆపుతారా అని అడగాలి. అడిగితే విసుక్కునే చోటు నుంచి తిరిగి వచ్చేయాలి.

ఏఎఫ్‌ఎఫ్ మెట్లు పూర్తయ్యాక కూడా లైసెన్సు రాదు. అమెరికా పద్ధతిలో మొదటిదైన ‘ఎ’ (A) లైసెన్సుకు కనీసం 25 జంపులు కావాలి. పారాచూట్ మడవడం, గాలిని బట్టి ఎక్కడ దూకాలో లెక్కించడం, ఇతరులతో కలిసి పడడం వచ్చి ఉండాలి, రాత పరీక్ష నెగ్గాలి. ఏలూరు నుంచి వెళ్లి అది సంపాదించి తిరిగి వచ్చిన మనిషికి అసలు చిక్కు అప్పుడు వస్తుంది. ‘ఎ’ లైసెన్సు ఉన్నవాళ్లు అరవై రోజులు జంప్ చేయకపోతే, తర్వాతి జంప్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలోనే చేయాలని ఆ సంఘం చెబుతోంది. దగ్గర్లో డ్రాప్ జోన్ లేనివాళ్లకు ఆ గడువు ఇట్టే దాటుతుంది. కాబట్టి ప్రతి సెలవులో మొదటి రోజును కొత్త విన్యాసాలకు కాక పాత పాఠానికి, వేలాడే పట్టీల్లో ఎర్ర పట్టు, రిజర్వ్ పట్టు లాగే సాధనకు కేటాయించుకోవాలి.